గ్రహణం విడిచినా వదలని మాట

2024 ఏప్రిల్ 8, సోమవారం. మన డాలస్ చుట్టుపక్కల ఉన్నవారెవరూ మరిచిపోయే రోజు కాదు. మధ్యాహ్నం 1 గంట 40 నిమిషాలకు సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది. నాలుగు నిమిషాలకు కాస్త తక్కువ సేపు పట్టపగలే చీకటి పడింది. మర్నాడు క్రోధి నామ సంవత్సర ఉగాది.

దానికి ముందురోజు, ఆదివారం, మన తెలుగు బడి ఎప్పటిలాగే నడిచింది. ఉగాది పచ్చడిలో ఆరు రుచుల గురించి చెబుతుంటే రెండో తరగతి పాప ఒకతె చెయ్యెత్తింది. "టీచర్, మా స్కూల్లో అందరికీ గ్రహణం కళ్ళజోళ్ళు ఇచ్చారు, బయటికి వచ్చి చూడమన్నారు. మా అమ్మమ్మేమో ఫోనులో బయటికి అడుగు పెట్టొద్దంది. ఎవరి మాట వినాలి?"

అదే సమయంలో తరగతి గది గుమ్మంలో మా బడిలో పద్యాలు నేర్పే అమ్మాయి నిలబడి ఉంది. అప్పటికి ఆమెకు ఐదో నెల. ఆమె అత్తగారు భీమవరం నుంచి వచ్చి ఉన్నారు. సోమవారం ఉదయం నుంచి మధ్యాహ్నం మూడు దాకా పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకూడదనీ, పడుకున్నచోటి నుంచి కదలకూడదనీ ఆవిడ కోడలికి చెప్పారు. పాప అడిగిన ప్రశ్నే ఆ అమ్మాయి కళ్ళల్లోనూ కనబడింది.

మేము ఆ రోజు సరైన జవాబు చెప్పలేకపోయాం. "పెద్దవాళ్ళ మాట వినాలమ్మా, స్కూల్లో చెప్పిందీ వినాలి" అని ఏదో సర్దిచెప్పి పాఠంలో పడ్డాం. పిల్లలకు తెలుగు నేర్పుతున్నామంటే ఆ భాషలో ఉన్న కథలూ, నమ్మకాలూ, భయాలూ అన్నీ వాళ్ళ చేతిలో పెడుతున్నట్టే. వాటిలో ఏది దాచుకోవాలో, ఏది దించెయ్యాలో చెప్పే బాధ్యత కూడా మాదే. ఆ రోజు చెప్పలేని జవాబును ఈ సంచికలో చెప్పే ప్రయత్నం ఇది.

మన ఇళ్ళల్లో గ్రహణం

ముందుగా, ఇక్కడ పుట్టిన పిల్లల కోసం కొన్ని సంగతులు. గ్రహణం వస్తోందంటే మన ఊళ్ళల్లో ఇల్లంతా ఒక హడావుడి. ఊరగాయ జాడీల మీద, పాలగిన్నె మీద, మడినీళ్ళ బిందె మీద దర్భలు వేస్తారు. గ్రహణానికి కొన్ని గంటల ముందే భోజనాలు ముగించేస్తారు. మిగిలిన వంట పారబోస్తారు. పట్టు స్నానం, విడుపు స్నానం అని రెండుసార్లు తలస్నానం చేసేవాళ్ళున్నారు. గ్రహణం విడిచాక ఇల్లు కడిగి, కొత్తగా వంట మొదలుపెడతారు. తిరుమలలో గుడి తలుపులు మూస్తారు. రాహుకేతు క్షేత్రంగా పేరుపడ్డ శ్రీకాళహస్తిలో మాత్రం గుడి తెరిచే ఉంటుంది.

పళ్ళెంలో నీళ్ళు పోసి అందులో రోకలి నిలబెట్టడం మరో ముచ్చట. గ్రహణం పట్టినంతసేపూ రోకలి తనంతట తానే నిలబడుతుందనీ, విడవగానే పడిపోతుందనీ చెబుతారు.

అన్నిటికన్నా ఎక్కువ కట్టుబాట్లు కడుపుతో ఉన్న ఆడవాళ్ళకు. వాళ్ళు బయటికి రాకూడదు, ఆకాశం చూడకూడదు. కత్తిపీట ముట్టుకోకూడదు, కూర తరగకూడదు, గుడ్డ కత్తిరించకూడదు. కాళ్ళూ చేతులూ ముడవకుండా వెల్లకిలా పడుకోవాలి. అలా చేయకపోతే పుట్టే బిడ్డకు అవకరం వస్తుందని భయం.

1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం అప్పటి ఆంధ్రప్రదేశ్ మీదుగా వెళ్ళింది. హైదరాబాదు దగ్గర ఉస్మానియా విశ్వవిద్యాలయంవారి జపాల్-రంగాపూర్ వేధశాల సరిగ్గా ఆ దారిలోనే ఉంది. శాస్త్రవేత్తలు అక్కడ దుర్భిణులు ఎక్కుపెట్టి కూర్చున్నారు. మాలో కొందరం అప్పటికి చిన్నపిల్లలం. మమ్మల్ని గదిలో పెట్టి, కిటికీలకు దుప్పట్లు కట్టి, తలుపులు వేసేశారు. దుప్పటి సందులోంచి పడే వెలుగు తగ్గి, మళ్ళీ పెరగడం మాత్రమే చూశాం. పక్షులు గూళ్ళకు చేరిన చప్పుడు విన్నాం. అంత అరుదైన దృశ్యం మన నెత్తిమీద నుంచే వెళ్ళిపోయిందన్న సంగతి పెద్దయ్యాక తెలిసింది.

కథ చెప్పింది ఒకటి

ఈ భయానికి వెనక ఒక చక్కని కథ ఉంది. పోతనగారి భాగవతం అష్టమ స్కంధంలో క్షీరసాగర మథనం ఘట్టం చదివితే కనబడుతుంది. దేవతలూ రాక్షసులూ కలిసి పాలసముద్రాన్ని చిలికారు. అమృతం పుట్టింది. విష్ణుమూర్తి మోహినిగా వచ్చి దేవతలకు పంచుతుంటే రాహువు వేషం మార్చి దేవతల పంక్తిలో కూర్చున్నాడు. సూర్యచంద్రులు గుర్తుపట్టి సైగ చేశారు. చక్రం రాహువు తల తెగ్గొట్టింది. అప్పటికే అమృతం తగలడంతో ఆ తలకు చావు లేకుండా పోయింది. తనను పట్టిచ్చినందుకు రాహువు సూర్యచంద్రుల మీద పగబట్టి అప్పుడప్పుడూ మింగుతుంటాడు. మొండెం లేని తల కదా, మింగినవాడు మెడలోంచి మళ్ళీ బయటికి వచ్చేస్తాడు. ఈ మాట చెప్పగానే తరగతిలో పిల్లలు పడీపడీ నవ్వుతారు.

ఇలాంటి కథ పోగొట్టుకోదగ్గది కాదు. మన భాషలో ఎన్ని మాటలు దీనిలోంచి వచ్చాయో చూడండి. ఏదైనా పని ఆగిపోతే "దానికి గ్రహణం పట్టింది" అంటాం. మళ్ళీ కదిలితే "గ్రహణం విడిచింది" అంటాం. అసలు గ్రహణం అంటే పట్టుకోవడం. పెళ్ళిలో చెయ్యి పట్టుకుంటే పాణిగ్రహణం. చెప్పింది చప్పున పట్టుకోగలిగితే గ్రహణశక్తి. అంటే మనకు అర్థం కావడానికీ, సూర్యుడికి చీకటి పట్టడానికీ తెలుగులో మాట ఒక్కటే!

లెక్క చెప్పింది ఇంకొకటి

కథ ఒక పక్క నడుస్తుండగానే మన దేశంలోనే లెక్క కూడా నడిచింది. ఆర్యభటుడు క్రీ.శ. 499 నాటి తన గ్రంథంలో సూర్యుణ్ణి చంద్రుడు కప్పడం వల్ల సూర్యగ్రహణం, భూమి నీడ చంద్రుడి మీద పడడం వల్ల చంద్రగ్రహణం వస్తాయని చెప్పాడు. అమావాస్యనాడు చంద్రుడు సూర్యుడికీ భూమికీ మధ్యన ఉంటాడు. అందుకే సూర్యగ్రహణం ఎప్పుడూ అమావాస్యనాడే వస్తుంది. 2024లో గ్రహణం ఉగాది ముందురోజు రావడంలో వింతేమీ లేదు. మన ఉగాది అమావాస్య మర్నాడు వచ్చే పండగ కదా.

మరి ప్రతి అమావాస్యకూ గ్రహణం ఎందుకు రాదు? చంద్రుడు తిరిగే దారి, మనకు కనబడే సూర్యుడి దారికి సుమారు 5 డిగ్రీలు వాలి ఉంటుంది. ఆ రెండు దారులూ రెండుచోట్ల మాత్రమే దాటుకుంటాయి. అమావాస్య ఆ చోట్లకు దగ్గరగా వచ్చినప్పుడే గ్రహణం. మన జ్యోతిషగణితంలో ఆ రెండు చోట్లకు పెట్టిన పేర్లేమిటో తెలుసా? రాహువు, కేతువు. కథలోని రాక్షసుణ్ణి మన గణితజ్ఞులు ఆకాశంలో రెండు బిందువులుగా మార్చి, వాటితో లెక్కలు కట్టారు. మన పంచాంగంలో గ్రహణం పట్టు, మధ్యకాలం, విడుపు గంటలూ నిమిషాలతో సహా ముందే అచ్చవుతాయంటే ఆ లెక్క వల్లనే. ఎవరు ఎప్పుడు మింగుతారో అంత ముందుగా తెలిస్తే, అది మింగడం కాదని పంచాంగం చెప్పకనే చెబుతోంది.

తెలుగునేల మీద గ్రహణానికి మరో గొప్ప చరిత్ర ఉంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం మన ప్రాంతం మీదుగా వెళ్ళింది. దాన్ని చూడ్డానికి ఫ్రాన్సు నుంచి జాన్సెన్ అనే శాస్త్రవేత్త గుంటూరు వచ్చాడు. మద్రాసు అబ్జర్వేటరీ అధిపతి పోగ్సన్ మచిలీపట్నంలో మకాం వేశాడు. అదే అబ్జర్వేటరీలో పనిచేసిన చింతామణి రఘునాథాచారిగారు వనపర్తి వెళ్ళారు. ఆ గ్రహణం సమయంలో సూర్యుడి వెలుగును విడదీసి చూసినప్పుడు కనబడిన ఒక పసుపు గీత, ఆ తర్వాత ఇంగ్లండులో లాక్యర్ చేసిన పరిశీలనలు కలిసి, అప్పటికి భూమి మీద ఎవరికీ తెలియని ఒక మూలకాన్ని బయటపెట్టాయి. సూర్యుడికి గ్రీకు భాషలో ఉన్న పేరు మీద దానికి హీలియం అని పేరు పెట్టారు. భూమి మీద అది దొరికింది 1895లో. పిల్లలూ, మీ పుట్టినరోజు బుడగల్లో నింపే వాయువు అదే. దాని కథలో మన గుంటూరు, బందరు ఉన్నాయన్నమాట!

రఘునాథాచారిగారి గురించి ఇంకొక్క మాట. పంచాంగం లెక్కకూ, కంటికి కనబడే ఆకాశానికీ తేడా వస్తే పంచాంగాన్నే దిద్దాలని ఆయన నమ్మారు. దృగ్గణిత పంచాంగం వెలువరించారు. 1874లో శుక్రగ్రహం సూర్యబింబం మీదుగా దాటినప్పుడు దాని గురించి మామూలు జనానికి తెలిసేలా చిన్న పుస్తకం రాశారు. సంప్రదాయంలో పుట్టినవారే సంప్రదాయాన్ని సరిదిద్దగలరని చెప్పడానికి ఆయనకంటే మంచి ఉదాహరణ మాకు కనబడలేదు.

భాగవతంలోనే మరో గ్రహణం

గ్రహణం అంటే ఇంట్లో దాక్కోవడమే మన సంస్కృతి అనుకునేవారికి భాగవతంలోనే ఇంకో గ్రహణం ఉంది. దశమ స్కంధంలో ఒక సూర్యగ్రహణం వస్తుంది. అది వస్తుందని జనానికి ముందే తెలుసు. కృష్ణుడూ బలరాముడూ యాదవులతో కలిసి ద్వారక నుంచి కురుక్షేత్రంలోని శమంతపంచకానికి పుణ్యస్నానానికి బయలుదేరతారు. నలుమూలల నుంచీ రాజులూ ప్రజలూ వస్తారు. నందుడూ యశోదా గోపికలూ కూడా అక్కడికే వస్తారు. ఎన్నో ఏళ్ళుగా చూడని కృష్ణుణ్ణి వాళ్ళు చూసేది ఆ గ్రహణం పూటనే. కుంతి తన అన్న వసుదేవుణ్ణి కలుసుకుని కష్టం చెప్పుకునేదీ అక్కడే.

దేశం విడిచి దూరంగా బతికే మనకు ఈ ఘట్టం మరింత దగ్గరగా అనిపిస్తుంది. 2024లోనూ అదే జరిగింది కదా. ఎన్నో రాష్ట్రాల నుంచి చుట్టాలూ స్నేహితులూ గ్రహణం చూడ్డానికని మన ఇళ్ళకు వచ్చారు. మాలో ఒకరింట్లో పదకొండుమంది నేలమీద పరుపులు వేసుకుని పడుకున్నారు.

ఏది నిజం, ఏది కాదు?

ఇప్పుడు పాప అడిగిన ప్రశ్నకు వద్దాం. అమ్మమ్మ చెప్పినదాంట్లో ఒకటి అక్షరాలా నిజం. సూర్యుణ్ణి నేరుగా చూడకూడదు. గ్రహణం రోజునే కాదు, ఏ రోజూ చూడకూడదు. సూర్యుడు సగం కప్పబడి ఉన్నప్పుడు వెలుగు తగ్గినట్టనిపించి మనం కళ్ళార్పకుండా చూస్తాం, లోపలి రెటీనా కాలిపోతుంది, ఆ సమయంలో నొప్పి కూడా తెలియదు. అందుకే తగిన ప్రమాణంతో తయారైన కళ్ళజోడు కావాలి. మామూలు చలువ కళ్ళద్దాలు పనికిరావు. సూర్యబింబం పూర్తిగా కప్పబడిన ఆ కొద్ది నిమిషాలు మాత్రమే కళ్ళజోడు తియ్యవచ్చు. చంద్రగ్రహణాన్ని మాత్రం ఎవరైనా హాయిగా ఉత్త కళ్ళతో చూడవచ్చు.

ఇక ఆహారం సంగతి. గ్రహణం వేళ ప్రత్యేకమైన కిరణాలేవీ పుట్టవు. రోజూ వచ్చే ఎండే, కాస్త తక్కువగా వస్తుంది. అన్నం పాడవడానికి గ్రహణం కారణం కాదు. రోకలి సంగతి మేము మా తరగతిలోనే పరీక్షించాం. పెళ్ళిలో పసుపు దంచడానికని ఒకరు ఇండియా నుంచి తెచ్చుకున్న చిన్న రోకలి ఉంది. గ్రహణం అయిపోయిన రెండు వారాలకు, ఏ గ్రహణమూ లేని ఆదివారం పూట, పళ్ళెంలో నీళ్ళు పోసి నిలబెట్టమని పిల్లలకిచ్చాం. నాలుగోసారికి నిలబడింది. అడుగు చదునుగా ఉండి, ఓపిగ్గా పెడితే ఏ రోజైనా నిలబడుతుంది. ఆ తర్వాత ప్రతివాళ్ళూ నిలబెడతామని వరస కట్టారు, ఆ రోజు ఒత్తులు నేర్పడం కుదరనేలేదు.

ఇక్కడ మనలాంటి చదువుకున్నవాళ్ళు చేసే ఒక పొరపాటు కూడా ఒప్పుకోవాలి. పిల్లలు ఎందుకని అడిగితే, "మన పెద్దలు ఏది చెప్పినా దానివెనక సైన్సు ఉంటుంది" అనేస్తాం. దర్భలో అదేదో గుణం ఉందనీ, గ్రహణం కిరణాలకు అదేదో శక్తి ఉందనీ ఎవరో పంపిన మెసేజి చదివి వినిపిస్తాం. రేపు వాళ్ళు కాలేజీలో అది నిజం కాదని తెలుసుకున్నప్పుడు దర్భనే కాదు, మనం చెప్పిన మంచి మాటలను కూడా నమ్మరు. "ఇది మన ఆచారం. అమ్మమ్మకు ఇష్టం. దీనికి సైన్సుతో పనిలేదు" అని ఉన్నదున్నట్టు చెబితే పిల్లలకు చక్కగా అర్థమవుతుంది. విడుపు స్నానం చేస్తే నష్టమేముంది? జాడీ మీద దర్భ వేస్తే ఎవరికి కష్టం? ఇష్టమున్నవాళ్ళు ఉంచుకోవచ్చు.

ఒక మాట మాత్రం వద్దు

కానీ అన్నీ ఇలా నష్టం లేని ఆచారాలు కావు. కొందరు పిల్లలు పైపెదవి చీలి పుడతారు. దాన్ని తెలుగులో ఏమంటామో పెద్దవాళ్ళందరికీ తెలుసు. గ్రహణం మొర్రి. ఇప్పటికీ వార్తల్లో, ఆస్పత్రుల ప్రకటనల్లో కూడా ఆ మాటే కనబడుతుంది. ఆ పేరులోనే ఒక తీర్పు ఉంది. గ్రహణం పూట తల్లి ఏదో చేయరానిది చేసింది, అందుకే బిడ్డ ఇలా పుట్టింది అని.

మాలో ఒకరి దొడ్డమ్మగారిది నల్గొండ జిల్లాలో ఒక పల్లె. 1980 గ్రహణం నాటికి ఆవిడకు ఏడో నెల. తలుపులు వేసిన ఇంట్లో రెండేళ్ళ పెద్దకూతురు ఆకలికి ఏడుస్తుంటే చూడలేక, చీకట్లోనే ఒక జామకాయ కోసిపెట్టారు. ఆ తర్వాత పుట్టిన పిల్లాడికి పెదవి చీలి ఉంది. ఇక ఆ జామకాయను ఆ ఇంట్లో ఎవరూ మరిచిపోలేదు. పాలు తాగలేక పిల్లాడు ఏడ్చిన ప్రతిసారీ, బడిలో తోటిపిల్లలు వెక్కిరించిన ప్రతిసారీ తప్పు ఆవిడదే అయింది. ఇది గ్రహణం రాసిన రాత, డాక్టరు ఏం చేస్తాడన్నారు. చిన్న ఆపరేషనుతో సరిచేయవచ్చని ఎవరో చెప్పి, తీసుకెళ్ళేసరికి పిల్లాడికి పన్నెండేళ్ళు వచ్చాయి. ఆపరేషను బాగానే జరిగింది. పెదవి అతుక్కుంది. ఆవిడ మీద పడ్డ మాట మాత్రం పోలేదు. ఇవాళ్టికీ మా బంధువుల్లో ఎవరు కడుపుతో ఉన్నా ఆవిడ పంచాంగం చూసి, గుర్తుపెట్టుకుని ఫోను చేస్తారు. "తల్లీ, ఆ పూట కత్తిపీట ముట్టుకోకే" అని బతిమాలతారు.

పిల్లలూ, అమ్మమ్మలు ఎందుకలా చెబుతారో ఇప్పుడు తెలిసిందా? తెలివి లేక కాదు. తమకు జరిగింది మీకు జరగకూడదని.

డాక్టర్లు చెప్పేదేమిటంటే, కడుపులో బిడ్డకు పెదవి ఏర్పడేది నాలుగో వారం నుంచి ఏడో వారం లోపల. చాలామందికి తాము గర్భవతులమని అప్పటికి తెలిసీ తెలియని సమయమది. ఆ వయసులో రెండువైపుల భాగాలూ వచ్చి కలుసుకోవాలి. ఎక్కడైనా కలవకపోతే చీలిక మిగులుతుంది. ఏడో నెలలో జామకాయ కోస్తే ఎప్పుడో పూర్తయిన పెదవి ఎలా చీలుతుంది? కారణాల్లో వంశపారంపర్యంగా వచ్చే జన్యువులు కూడా ఉంటాయి. పొగతాగడం, గర్భానికి ముందే ఉన్న మధుమేహం, మూర్ఛకు వాడే కొన్ని మందులు కూడా ప్రమాదాన్ని పెంచుతాయి. ప్రపంచంలో సుమారు 700 మంది పిల్లల్లో ఒకరు పెదవి చీలికతోనో అంగిలి చీలికతోనో పుడతారు. గ్రహణానికి ఏ కట్టుబాటూ లేని దేశాల్లోనూ పుడతారు. ఏడాది లోపలే పెదవికి ఆపరేషను చేస్తారు.

ఇంకొక చిన్న లెక్క. గ్రహణాలు వచ్చే కాలం సుమారు 173 రోజులకొకసారి వస్తుంది. తొమ్మిది నెలలు అంతకంటే చాలా ఎక్కువ. అంటే భూమ్మీద ఏ తల్లి కడుపుతో ఉన్నా ఆ నెలల్లో ఎక్కడో ఒకచోట గ్రహణం వచ్చి తీరుతుంది. బిడ్డకు ఏ లోపమున్నా వెనక్కి తిరిగి వెతికితే ఒక గ్రహణం దొరుకుతుంది, ఆ రోజు ఆవిడ చేసిన పని ఒకటి దొరుకుతుంది. కూర తరగని రోజు ఏ ఇల్లాలికి ఉంటుంది? నింద వేయదలచుకుంటే సాక్ష్యానికి కరువు లేదు.

ఇదే సంగతిని మన సాహిత్యం ఎప్పుడో పట్టుకుంది. 1910లో హేలీ తోకచుక్క వచ్చినప్పుడు జనం అరిష్టమని హడలిపోయారు. గురజాడ అప్పారావుగారు అదే ఏడాది రాసిన ముత్యాల సరములులో ఆ తోకచుక్కను అరిష్టంగా కాక, భూమిని చూసిపోవడానికి వచ్చిన చుట్టంలా చూపించారు. కులాల అడ్డుగోడలు లేని మంచి రోజులకు గుర్తుగా చెప్పారు. ఆకాశంలో వచ్చేది ఒక్కటే. దాన్ని చూసి భయపడి మనిషిని దూరం పెట్టడమా, ఆనందపడి మనిషిని దగ్గరకు తీసుకోవడమా అన్నది మన చేతిలో ఉంది.

అందుకని మేము మా బడిలో ఒక పద్ధతి పెట్టుకున్నాం. పిల్లలు ఏ నమ్మకం గురించి అడిగినా రెండు ప్రశ్నలు వేసుకోమంటున్నాం. దీనివల్ల ఎవరి ఒంటికైనా హాని ఉందా? దీనివల్ల ఎవరి మీదైనా నింద పడుతుందా? రెండింటికీ లేదనే జవాబు వస్తే దాన్ని కథగానో, ముచ్చటగానో ఉంచుకోవచ్చు. ఏ ఒక్కదానికి అవునని వచ్చినా అది ఎంత పాతదైనా వదిలెయ్యాలి. పిల్లి ఎదురొస్తే నవ్వుకుని వెళ్ళండి. భర్త పోయిన ఆవిడ ఎదురొస్తే అపశకునమనే మాట మాత్రం మీ నోట రానీయకండి. మా పాఠాల్లో ఇకనుంచి గ్రహణం మొర్రి అనే మాట ఉండదు. పెదవి చీలిక అని చెబుతాం. మాట మారినంత మాత్రాన లోకం మారుతుందా అనవచ్చు. ఒక తల్లి మీద నుంచి నింద దిగితే మాకు చాలు.

ఆ సోమవారం ఏం జరిగింది?

ఆదివారం సాయంత్రం మా ఉపాధ్యాయిని ఆ అత్తగారికి ఫోను చేసి, గ్రహణం గురించి వాదించకుండా, దొడ్డమ్మగారి జామకాయ కథ ఒక్కటే చెప్పింది. అవతల చాలాసేపు మాట లేదు. చివరికి ఆవిడ, "మా ఊళ్ళోనూ ఒకావిడ ఉండేదమ్మా. పాపం, పిల్లాణ్ణి చంకనేసుకుని ఎవరింటికీ పేరంటానికి వచ్చేది కాదు" అన్నారు.

మర్నాడు ఉదయం నుంచి పట్టి ఉన్న మబ్బులు సరిగ్గా సమయానికి విడిపోయాయి. ఆ అమ్మాయి వేళకు భోంచేసింది. కళ్ళజోడు పెట్టుకుని పెరట్లోకి వచ్చింది. చీకటి పడిన ఆ నాలుగు నిమిషాలూ కళ్ళజోడు తీసి, నల్లని బింబం చుట్టూ వెలిగే తెల్లటి కాంతివలయాన్ని కళ్ళారా చూసింది. అత్తగారు గుమ్మం దాటలేదు. కోడలికి దాహమవుతుందేమోనని మజ్జిగ గ్లాసు పట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డారు. ఆవిడ జపం ఆవిడది, ఆ అమ్మాయి ఆనందం ఆ అమ్మాయిది. భీమవరంలో అప్పటికి అర్ధరాత్రి దాటింది. అక్కడ ఉగాది వచ్చేసింది.

ఆగస్టులో ఆమెకు పాప పుట్టింది. ఆరోగ్యంగా ఉంది. అయితే దీన్ని మేము రుజువుగా చెప్పడం లేదు. ఆ పాప పెదవి చీలికతో పుట్టి ఉన్నా తప్పు ఆ తల్లిది అయ్యేది కాదు. ఈ ఒక్క సంగతి చెప్పడానికే ఇంత వ్యాసం రాశాం.

అమెరికాలో ఒక తీరం నుంచి మరో తీరం దాకా కనబడే సంపూర్ణ సూర్యగ్రహణం మళ్ళీ 2045 ఆగస్టు 12న వస్తుంది. ప్రశ్న అడిగిన పాపకు అప్పటికి ముప్పై ఏళ్ళు దగ్గరపడతాయి. బహుశా తనూ అమ్మ అయి ఉంటుంది. ఆ రోజు తన పిల్లలకు రాహువు కథ తెలుగులో చెప్పాలనీ, చంద్రుడి దారి లెక్క చెప్పాలనీ, చెయ్యి పట్టుకుని బయటికి తీసుకెళ్ళి చూపించాలనీ మా కోరిక. ఆనాటికి మేము ఫోనులో "కళ్ళజోడు మరిచిపోకు తల్లీ" అని చెప్పే ముసలివాళ్ళం అయి ఉంటాం.